పాల బిల్లు ప్రోగ్రామ్‌ని వేరే లాంగ్వేజ్‌లో తిరగరాసే ముందు మా మాట కూడా వినండి: కంపెనీ పెద్దలకీ, సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టులకీ బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను మీ కంపెనీలోనే 2011 నుంచి మెయింటెనెన్స్ టీమ్‌లో పనిచేస్తున్నా. కంపెనీ పేరు గానీ మన సాఫ్ట్‌వేర్ వాడే డెయిరీల పేర్లు గానీ ఇక్కడ రాయట్లేదు, ఎవరి పరువూ తీయాలని కాదు నా ఉద్దేశం. ఇదే విషయం మీద మీకు మూడు మెయిళ్ళు పెట్టా, ఒక్కదానికీ జవాబు లేదు. రివ్యూ మీటింగ్‌లో లేచి చెప్పబోతే తర్వాత మాట్లాడదాం అన్నారు, తర్వాత ఎవరూ పిలవలేదు. అందుకని అందరూ చదివేలా రాస్తున్నా. మన కంపెనీ వాళ్ళే కాదు, నడుస్తున్న అప్లికేషన్‌ని ఇంకో లాంగ్వేజ్‌లోకి మార్చాలా వద్దా అని కూర్చుని నిర్ణయించే ప్రతివాళ్ళూ చదివితే మంచిదని నా కోరిక.

తెలియనివాళ్ళ కోసం ముందు ఇదేం ప్రోగ్రామో చెప్తా. ఊళ్ళో పాల కేంద్రం ఉంటుంది కదా, పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట. క్యాన్ తెచ్చి పోస్తారు, కాటా మీద బరువు తెలుస్తుంది, మిషన్‌లో కాసిని పాలు పెడితే వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (పాలలో వెన్న కాకుండా ఉండే మిగతా ఘనపదార్థం) వస్తాయి, వాటిని బట్టి రేటు చార్ట్‌లోంచి రేటు తీసి కంప్యూటర్ చీటీ కొడుతుంది. పది రోజులకో బిల్లు. అందులోంచి దాణా బస్తాల డబ్బులూ గేదె లోను వాయిదా పోగా మిగిలింది అకౌంట్‌లో పడుతుంది. ఇదంతా చేసేది 2003లో విజువల్ బేసిక్ 6 అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లో రాసిన ప్రోగ్రామ్. రాసినాయన ఎప్పుడో వెళ్ళిపోయారు, ఆయన తర్వాత ఎంతమంది చెయ్యేశారో లెక్కలేదు, ఇప్పుడు దాన్ని చూసుకునేది ఇద్దరమే.

మా అమ్మ కూడా ఇలాంటి కేంద్రంలోనే పాలు పోసేది. రెండు గేదెలు. చీటీలన్నీ తీగకి గుచ్చి దూలానికి వేలాడదీసేది, బిల్లు వచ్చిన రోజు అవి కిందకి దించి మా చేత కూడించేది, రూపాయి తేడా వచ్చినా కేంద్రానికి వెళ్ళి అడిగేది. నేను ఈ ఉద్యోగంలో చేరినప్పుడు ఆ చీటీ కొట్టే కోడ్ నా చేతికే వస్తుందని అనుకోలేదు.

ఇప్పుడు మీ నిర్ణయం ఏంటంటే మొత్తం జావా అనే ఇంకో లాంగ్వేజ్‌లో తిరగరాసి, బ్రౌజర్‌లో నడిచేలా చేసి, వచ్చే నెల 1వ తారీకు నుంచి అన్ని కేంద్రాల్లో పాతది ఆపేయడం. ఆరు కేంద్రాల్లో పైలట్ (ముందుగా నడిపి చూడడం) చేశాం, సక్సెస్ అని స్లైడ్‌లో చూపించారు. ఆ ఆరు కేంద్రాల నుంచి వచ్చిన ఫోన్లు ఎత్తింది మేము. అక్కడేం జరిగిందో వరసగా రాస్తా.

1. చీటీలో వెన్న శాతం తగ్గింది. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు గొడవంతా ఇందులోనే ఉంది.

మిషన్ వెన్న శాతాన్ని రెండు దశాంశాల దాకా ఇస్తుంది, 6.48 అని. చీటీలో ఒక దశాంశమే వేస్తాం. పాత ప్రోగ్రామ్‌లో దానికో లైన్ ఉంది, పదితో గుణించి, సీఇంట్ అనే ఫంక్షన్‌కిచ్చి, మళ్ళీ పదితో భాగిస్తుంది. విజువల్ బేసిక్‌లో సీఇంట్ దగ్గర్లో ఉన్న పూర్ణసంఖ్యకి సవరిస్తుంది, 64.8 ఇస్తే 65 వస్తుంది, అంటే చీటీలో 6.5 పడుతుంది. జావాలో ఇంట్‌గా, అంటే పూర్ణసంఖ్యగా, మారిస్తే సవరించడం ఉండదు, చుక్క తర్వాత ఏముంటే అది కోసేస్తుంది. 64.8 ఇచ్చినా 64, 64.9 ఇచ్చినా 64. పాత కోడ్ పక్కన పెట్టుకుని లైన్ తర్వాత లైన్ మార్చుకుంటూ పోయిన అబ్బాయి, అక్కడ ఇంట్ కనబడితే ఇక్కడా ఇంట్ రాశాడు. ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను, చూడ్డానికి రెండూ ఒకటే, కంపైల్ అయింది, టెస్టులు కూడా పాసయ్యాయి, ఎందుకంటే టెస్ట్ డేటాలో పెట్టినవన్నీ 6.0, 6.5, 7.0 లాంటివే, నిజం పాలు అలా ఉండవు.

దీనివల్ల ఎంత పోతుందో లెక్కేసి చూడండి. కిలో వెన్నకి 800 రూపాయలు అనుకుందాం. 0.1 శాతం తగ్గితే కిలో పాలకి 80 పైసలు పోతాయి. పూటకి నాలుగు కిలోలు పోసేవాళ్ళకి ఆ పూట 3 రూపాయల 20 పైసలు. అన్ని పూటలూ తగ్గదు, రెండో దశాంశం పెద్దగా ఉన్నప్పుడే తగ్గుతుంది, ఇంచుమించు రెండు పూటల్లో ఒక పూట. పది రోజుల్లో ఇరవై పూటలుంటే అందులో తొమ్మిది పూటలు తగ్గాయనుకోండి, 28 రూపాయల 80 పైసలు. మీకిది టీ ఖర్చు కావచ్చు. ఒక్క మనిషికి ఒక్క బిల్లులో అంత, కేంద్రానికి ఎంతమంది పోస్తారు, నెలకి మూడు బిల్లులు, ఏడాదికి ఎన్ని, మనకి ఎన్ని కేంద్రాలున్నాయో నాకంటే మీకే బాగా తెలుసు. పైగా ఈ కోత అంతా ఒకవైపే పడుతుంది, పోసేవాళ్ళకే నష్టం, డెయిరీకి ఎప్పుడూ పడదు.

దీన్ని పట్టుకుంది మన టెస్టింగ్ టీమ్ కాదు. ఒక కేంద్రంలో పాలు పోసే ఒకావిడ పట్టుకుంది. మిషన్ మీద 6.48 కనబడుతోంది, చీటీలో 6.4 పడింది, మొన్నటిదాకా ఇలాంటప్పుడు 6.5 పడేది కదయ్యా అని కేంద్రం నడిపే సెక్రటరీని అడిగింది. సెక్రటరీకి ఏం చెప్పాలో తెలీక కొత్త కంప్యూటర్ అంతే అన్నాడు. నాలుగు రోజులు అలా అడుగుతూనే ఉంది, ఆ తర్వాత మాకు ఫోన్ వచ్చింది. లైన్ మర్నాటికల్లా సరిచేశారు, నిజమే. కానీ అప్పటికే రెండు బిల్లులు పడిపోయాయి, వాటిలో తగ్గిన డబ్బు ఇంతవరకూ ఎవరికీ వెనక్కి వేయలేదు, మొత్తం చిన్నదే కదా అన్నారు. పాల కేంద్రంలో ఒకసారి నమ్మకం పోతే ఏమవుతుందో ఊళ్ళో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ సెక్రటరీని ఇప్పటికీ దొంగ చూపు చూస్తున్నారు, ఆయన చేసిన తప్పేంటి?

ఇంకోటి కూడా ఇక్కడే చెప్పేస్తా. విజువల్ బేసిక్‌లో డబ్బుకని విడిగా కరెన్సీ అనే టైప్ ఉంది, సరిగ్గా నాలుగు దశాంశాలు దాచుకుంటుంది, పాత ప్రోగ్రామ్‌లో ప్రతి రూపాయీ అందులోనే ఉంది. కొత్తదాంట్లో బిల్లు మొత్తం కూడేది బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్, పేరు కలిసినా ఇది జావా కాదు, వేరే లాంగ్వేజ్. అందులో అలాంటి టైప్ లేదు, 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అని వస్తుందని మొదటి ఏడాది చదివే పిల్లలకి కూడా తెలుసు. పైలట్‌లో చీటీలన్నీ కూడితే వచ్చిన మొత్తానికీ బిల్లు అడుగున ఉన్న మొత్తానికీ పైసల్లో తేడా వచ్చింది. మా అమ్మలాంటి వాళ్ళు తీగకి గుచ్చిన చీటీలు కూడిస్తారని చెప్పాను కదా.

2. పొద్దున ఆరింటికి నెట్ లేదు. పాత ప్రోగ్రామ్ ప్రతి ఎంట్రీ ముందు ఆ కంప్యూటర్‌లోనే రాసుకుని, నెట్ ఉన్నప్పుడు పంపేది. కరెంట్ పోయినా యూపీఎస్ మీద పని జరిగేది. కొత్తది నెట్ లేకపోతే తెరుచుకోదు. పైలట్‌లో ఒక పొద్దున గంటన్నర సేపు నెట్ రాలేదు, క్యూలో నలభై మంది దాకా ఉన్నారట, పిల్లల్ని బడికి పంపాల్సినవాళ్ళు, కూలికి పోవాల్సినవాళ్ళు. పాలు ఆగవు, ఎండాకాలం అయితే కూలర్‌లో పడకపోతే విరిగిపోతాయి. సెక్రటరీ కాగితం మీద రాసుకుని తర్వాత ఎక్కించాడు, ఎక్కించేటప్పుడు ఇద్దరివి తారుమారయ్యాయి. కొంతమంది విసుగొచ్చి బయట వ్యాపారికి తక్కువ రేటుకి పోసేసి వెళ్ళిపోయారు.

ఇది లాంగ్వేజ్ తప్పు కాదు, జావాలో కూడా నెట్ లేకుండా నడిచేది రాయొచ్చు. నా బాధ ఏంటంటే, లాంగ్వేజ్ మారుస్తున్నాం అని చెప్పి మూడు మార్పులు ఒకేసారి చేశారు. లాంగ్వేజ్ మార్చారు, కేంద్రంలో ఉండే డేటాని సర్వర్‌కి మార్చారు, స్క్రీన్లన్నీ మార్చారు. ఏదన్నా తేడా వస్తే అది దేనివల్ల వచ్చిందో వెతకడానికే మాకు వారం పడుతోంది.

3. ట్యాంకర్ లెక్క. పాత కోడ్‌లో ఒకచోట ట్యాంకర్ పాలు తీసుకెళ్ళిన టైమ్ తెల్లవారుజామున మూడు లోపు అయితే ముందు రోజు తేదీ వేయమని ఉంటుంది. పక్కన కామెంట్ లేదు. కొత్త టీమ్ దాన్ని పనికిరాని కోడ్ అని తీసేసింది. అది ఎందుకుందో నాకు తెలుసు, 2013లో వర్షాలకి రోడ్డు తెగి ట్యాంకర్ అర్ధరాత్రి దాటాక వచ్చినప్పుడు పెట్టింది నేనే, కామెంట్ రాయకపోవడం నా తప్పే, ఒప్పుకుంటా. ఇప్పుడు ట్యాంకర్ లేటయిన రోజున సాయంత్రం పంపిన పాలు మర్నాడు పొద్దుటి పూటలో పడ్డాయి, సాయంత్రం లెక్కలో పాలు తక్కువ పంపాడని సెక్రటరీకి నోటీసు వెళ్ళింది. నన్ను ఒక్క మాట అడిగి ఉంటే రెండు నిమిషాల్లో చెప్పేవాణ్ణి.

4. పేర్లు. పాతదాంట్లో తెలుగు పేర్లు యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) లేవు, అప్పటి డీటీపీ ఫాంట్లలో కొట్టినవి. మార్చినప్పుడు ఒత్తులు ఊడిపోయాయి, దీర్ఘాలు పోయాయి. ఒకే ఇంటిపేరున్న ఇద్దరి చీటీలు చూసి ఎవరిది ఎవరిదో తెలీట్లేదని ఫోన్లు వస్తున్నాయి.

5. పాతది ఎప్పటికీ అలాగే ఉంచమని నేను అనట్లేదు. దయచేసి ఈ పాయింట్ వదిలేయకండి, ఎందుకంటే మీటింగ్‌లో నన్ను పాత లాంగ్వేజ్ వదల్లేని మనిషి అన్నారట. విజువల్ బేసిక్ 6 వచ్చింది 1998లో, దాంట్లో కోడ్ రాసే టూల్‌కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2008 ఏప్రిల్‌తో ఆపేసింది. తయారైన ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సిన రన్‌టైమ్ మాత్రం ఇప్పటి విండోస్‌లో కూడా పనిచేస్తోంది, కాబట్టి రేపు పొద్దున్నే ఆగిపోతుందనే భయం లేదు. కానీ కొత్తగా చేరేవాళ్ళెవరికీ అది రాదు, నేర్చుకోమని అడగడం కూడా న్యాయం కాదు, వాళ్ళ కెరీర్ వాళ్ళది. మేమిద్దరం రేపు లేకపోతే కంపెనీ చేతిలో ఎవరూ చదవలేని కోడ్ మిగులుతుంది. సెల్‌ఫోన్‌లో పాస్‌బుక్ చూపించమని రైతులు అడుగుతున్నారు, పాతదాంట్లో అది కుదరదు. ఇవన్నీ నిజమైన కారణాలు. ఇవి మీరు రాతపూర్వకంగా పెడితే మొదటి సంతకం నేనే పెడతా. మీ ప్రెజెంటేషన్‌లో మాత్రం ఇవేవీ లేవు, ఆధునిక టెక్నాలజీ అనీ, రిక్రూట్‌మెంట్‌లో ఆకర్షణ అనీ రెండు ముక్కలున్నాయి. స్పీడ్ పెరుగుతుందని కూడా అన్నారు, చీటీ వచ్చేదాకా ఎంతసేపు పడుతోందో ఎవరన్నా కొలిచారా? ఆ టైమ్ అంతా మిషన్ పాలు పరీక్షించడానికి పట్టేదే, ఏ లాంగ్వేజ్‌లో రాసినా అది తగ్గదు.

6. వేరేచోట్ల ఏం జరిగిందో కూడా చూడండి, మనమే మొదటివాళ్ళం కాదు.

నెట్‌స్కేప్ వాళ్ళు 1997లో బ్రౌజర్ 4వ వెర్షన్ వదిలారు, 5 రానేలేదు, లోపలి ఇంజిన్ మొత్తం కొత్తగా రాయడానికి దిగి 6 వదిలేసరికి 2000 నవంబర్ అయింది. ఆ మధ్యలో మార్కెట్ మైక్రోసాఫ్ట్ వాళ్ళ బ్రౌజర్ ఎక్స్‌ప్లోరర్‌కి పోయింది, కంపెనీ ఏఓఎల్ అనే ఇంకో కంపెనీ చేతికి పోయింది. విండోస్‌తో పాటు ఎక్స్‌ప్లోరర్ ఉచితంగా రావడం కూడా కారణమే, ఆ కొత్త కోడ్‌లోంచే తర్వాత ఫైర్‌ఫాక్స్ పుట్టింది కూడా, అదీ కాదనను. కానీ మూడేళ్ళు కస్టమర్‌కి పెద్ద వెర్షన్ ఏదీ ఇవ్వకుండా బతికే శక్తి వాళ్ళకే లేకపోతే మనకుందా?

బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు సంగతి మనకి ఇంకా దగ్గరగా ఉంటుంది. అది లాంగ్వేజ్ మార్పు అని కాదు, మొత్తం సిస్టమ్ మార్పు, 2018 ఏప్రిల్‌లో ఒక శని ఆదివారాల్లో 50 లక్షల మందికి పైగా ఖాతాదార్లని పాత ప్లాట్‌ఫామ్ నుంచి కొత్తదానికి ఒకేసారి మార్చేశారు. డేటా వెళ్ళింది, సిస్టమ్ నిలబడలేదు. జనం వాళ్ళ ఖాతాలోకి వాళ్ళే వెళ్ళలేకపోయారు, అంతా మామూలయ్యేసరికి ఆ ఏడాది డిసెంబర్ వచ్చింది. నియంత్రణ సంస్థలు 2022లో 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి, నష్టపోయినవాళ్ళకి బ్యాంకు ఇంకో 3 కోట్ల 27 లక్షల పౌండ్లు కట్టింది. దాంతో ఆగలేదు, మార్పు చూసిన ముఖ్య సమాచార అధికారికి 2023లో సొంతంగా 81,620 పౌండ్ల జరిమానా పడింది. అక్కడ అడిగేవాళ్ళున్నారు కాబట్టి అడిగారు. పాల కేంద్రంలో 28 రూపాయలు పోయినావిడ తరఫున ఎవరు అడుగుతారు?

అంత దూరం ఎందుకు, 2021 జూన్ 7న మన ఇన్‌కమ్ ట్యాక్స్ కొత్త పోర్టల్ మొదలైనప్పుడు ఆడిటర్ల ఆఫీసుల్లో రాత్రిళ్ళు ఎలా గడిచాయో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కట్టిన కంపెనీ సీఈఓని ఆర్థిక శాఖ పిలిపించి అడిగింది, రిటర్న్ గడువు జూలై నుంచి డిసెంబర్ 31 దాకా జరిగింది. అది ప్రభుత్వం కాబట్టి గడువు జరపగలిగింది. మన బిల్లు పది రోజులకి పడకపోతే దాణా కొట్టువాడు గడువు ఇవ్వడు.

అలాగని అందరూ చెడగొట్టుకోలేదు. జాగ్రత్తగా చేసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళు ఎలా చేశారో చూస్తే మనకి దారి దొరుకుతుంది. టైప్‌స్క్రిప్ట్ అనే లాంగ్వేజ్ కంపైలర్‌ని (రాసిన కోడ్‌ని చెక్ చేసి నడిచే రూపంలోకి మార్చే ప్రోగ్రామ్‌ని) గో లాంగ్వేజ్‌లోకి మారుస్తున్నామని మైక్రోసాఫ్ట్ 2025 మార్చిలో చెప్పింది. వాళ్ళ దగ్గర కొలిచిన కారణం ఉంది, 15 లక్షల లైన్ల ప్రాజెక్ట్ చెక్ చేయడానికి 77.8 సెకన్లు పట్టేది 7.5 సెకన్లకి వచ్చింది. ఇంకా ముఖ్యం, వాళ్ళు కొత్తగా ఆలోచించి రాయలేదు, పాత కోడ్ ఎలా ఉందో అలాగే, అదే అమరికలో, అదే ఫలితం వచ్చేలా మార్చారు, దానికి వీలుగా ఉంటుందనే గో ఎంచుకున్నారు, పాతదాన్ని కూడా కొన్నాళ్ళు పక్కన నడుపుతామన్నారు. ఆండ్రాయిడ్‌లో అయితే పాత సీ, సీ ప్లస్ ప్లస్ కోడ్‌ని ముట్టుకోకుండా, కొత్తగా రాసేది మాత్రం ఎక్కువగా రస్ట్ లాంటి సురక్షితమైన లాంగ్వేజ్‌లలో రాయడం మొదలుపెట్టారు. మెమరీ తప్పుల వల్ల వచ్చే భద్రతా లోపాలు 2019లో మొత్తంలో 76 శాతం ఉండేవి, 2024కి 24 శాతానికి వచ్చాయి. పాతది తిరగరాయకుండానే!

మన రైల్వే రిజర్వేషన్ చూడండి. కాన్సర్ట్ అనే ఆ సాఫ్ట్‌వేర్ మొదట నడిచింది మన సికింద్రాబాద్‌లోనే, 1994లో. కౌంటర్ దగ్గర క్యూలో నిలబడి ఫారం నింపిన రోజుల నుంచి వెబ్‌సైట్, ఆ తర్వాత సెల్‌ఫోన్ యాప్ దాకా బయట అంతా మారింది, లోపల సీటు ఇచ్చే లెక్క మాత్రం దశాబ్దాల పాటు అదే నడిచింది. 1998, 99లో అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోబాల్ అనే పాత లాంగ్వేజ్ నేర్చుకుని అమెరికా వెళ్ళిన మనవాళ్ళు చేసింది కూడా ఇదే కదా, ఆ బ్యాంకుల, ఇన్సూరెన్స్ కంపెనీల ప్రోగ్రామ్‌లని చాలావరకు తిరగరాయలేదు, రెండంకెల సంవత్సరం (99 తర్వాత 00 వస్తే లెక్క తప్పుతుంది కదా) ఎక్కడెక్కడుందో వెతికి ఆ ముక్క బాగుచేశారు. ఎన్నో కుటుంబాలు దాంతో నిలబడ్డాయి. పాత కోడ్ చూసుకోవడం తక్కువ పని అన్నట్టు ఇప్పుడు మాట్లాడుతుంటే కష్టంగా ఉంటుంది.

7. ఏఐతో నెలలో మార్చేస్తాం అంటున్నారు. వాడండి, నేనూ వాడుతున్నా, పాత కోడ్ చదివి అర్థం చేసుకోవడానికి బాగానే సాయం చేస్తుంది, సీఇంట్‌కీ జావా ఇంట్‌కీ ఉన్న తేడా అడిగితే చెప్తుంది కూడా. కానీ తెల్లవారుజామున మూడు అని ఎందుకుందో దానికి ఎలా తెలుస్తుంది? ట్యాంకర్ లేటయిందన్న సంగతి కోడ్‌లో లేదు, నా బుర్రలోనూ సెక్రటరీల బుర్రల్లోనూ ఉంది. రాయడం తొందరగా అయిపోతే మిగిలిన టైమ్ అంతా సరిచూడ్డానికి పెట్టాలి, మీరు ఆ టైమ్ కూడా ప్లాన్‌లోంచి తీసేశారు.

తాటిచెట్టు మొవ్వులో పిట్ట వేసిన మర్రి గింజ మొలవడం మనందరం చూసిందే. అది వచ్చీ రాగానే తాడిని పడగొట్టదు, దాని మీదే ఉండి, వేళ్ళు నిదానంగా కిందకి దింపుకుని, నేల అందాక సొంతంగా నిలబడుతుంది. పాత సాఫ్ట్‌వేర్‌ని ఇలా ముక్కముక్కగా మార్చే పద్ధతికి మన ఫీల్డ్‌లో పెట్టిన పేరు కూడా ఆ జాతి చెట్టు మీదే. మన పనికి ఇది సరిపోతుంది. ముందు సెల్‌ఫోన్ పాస్‌బుక్ కొత్త లాంగ్వేజ్‌లో రాద్దాం, అది పాత డేటాని చదవడం తప్ప రాయదు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. తర్వాత రిపోర్టులు. తర్వాత దాణా లెక్కలు. రేటూ బిల్లూ లెక్కగట్టే ముక్క అన్నిటికంటే చివర, అదీ రెండూ పక్కపక్కన నడిపి చూశాక. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న పరిస్థితి రాకూడదంటే నాకు తెలిసి ఇదే దారి.

మేము అడుగుతున్నవి ఇవి.

1. వచ్చే నెల 1వ తారీకున అన్ని కేంద్రాల్లో పాతది ఆపేసే నిర్ణయం వెంటనే ఆపండి. పైలట్ ఆరు కేంద్రాల్లో కూడా పాతది మళ్ళీ పెట్టండి.

2. ఆ ఆరు కేంద్రాల్లో వెన్న శాతం కోతపడిన రెండు బిల్లులూ మళ్ళీ లెక్కగట్టి, తగ్గిన డబ్బు తర్వాతి బిల్లులోనే వేయండి, చీటీ మీద ఎందుకు వేశారో తెలుగులో రాయండి. మిషన్ ఇచ్చిన అసలు రీడింగులు సర్వర్‌లో ఉన్నాయి, లెక్కగట్టే స్క్రిప్ట్ నేను రాసి పెట్టా, ఒక్క రోజు పని. నోటీసు అందుకున్న సెక్రటరీకి అది వెనక్కి తీసుకున్నట్టు లెటర్ ఇవ్వండి. అన్నిటికంటే ముందు జరగాల్సింది ఇదే.

3. ఎందుకు మారుస్తున్నామో, మార్చకపోతే ఏమవుతుందో, ఎంత ఖర్చో, ఎన్నాళ్ళో ఒక కాగితం మీద పెట్టి మాకూ డెయిరీలకీ ఇవ్వండి. అందులో కొలిచిన అంకెలుండాలి.

4. బిల్లు లెక్క మార్చేముందు కనీసం మూడు బిల్లులు, అంటే ముప్ఫై రోజులు, పాతదీ కొత్తదీ ఒకే రీడింగుల మీద నడపండి. ప్రతి చీటీ, ప్రతి బిల్లు పైసాతో సహా సరిపోవాలి. తేడా వస్తే అది ఎందుకొచ్చిందో తేలేదాకా పాతదాని లెక్కే చెల్లాలి. పాతదాంట్లోనే తప్పుందని తేలితే, అలాంటివీ ఉంటాయి, అప్పుడు ఏం చేయాలో డెయిరీని అడిగి చేద్దాం, మనంతట మనం మార్చొద్దు.

5. టెస్ట్ డేటా నిజం రీడింగులతో చేయండి. పాత ఐదేళ్ళ డేటా మన దగ్గరుంది, పేర్లు తీసేసి వాడొచ్చు.

6. నెట్ లేకుండా, కరెంట్ పోయినా ఒక పూట మొత్తం నడవగలిగితేనే ఏ కేంద్రానికైనా కొత్తది పంపండి.

7. మమ్మల్నిద్దర్నీ, కనీసం ఇద్దరు సెక్రటరీలనీ ఆ టీమ్‌లో కూర్చోబెట్టండి. పాత కోడ్‌లో కామెంట్ లేని రూల్స్ నాకు గుర్తున్నంతవరకు నోట్‌బుక్‌లో రాస్తున్నా, ఇప్పటికి ముప్ఫై ఏడు అయ్యాయి, ఇంకా ఉన్నాయి.

8. తప్పు జరిగితే జవాబు చెప్పేది ఎవరో ముందే రాసిపెట్టండి. పైలట్‌లో ప్రతి ఫోన్‌కీ సెక్రటరీలే మాటలు పడ్డారు.

ఈ నెల 25వ తారీకు లోపు జవాబు ఇవ్వమని వేడుకుంటున్నా, ఎందుకంటే ఆ తర్వాత కేంద్రాల్లో ఇన్‌స్టలేషన్ మొదలవుతుంది, మొదలయ్యాక ఆపడం ఎవరి తరం కాదు. ఈ లేఖ రాసినందుకు నా మీద ఏ చర్య తీసుకున్నా తీసుకోండి, ఆ నోట్‌బుక్ మాత్రం నా పక్క సీటు అబ్బాయికి ఇచ్చి ఉంచా, కొత్తగా రాసేవాళ్ళు ఎవరడిగినా ఇస్తాడు.

ఇట్లు,
పాల బిల్లు ప్రోగ్రామ్ చూసుకునే ఇద్దరిలో ఒకణ్ణి